వెనక జోడు టైర్ల బండికి పెద్ద టైర్లు వేయాలా? ముందు టేపు తీయండి

గోదావరి డెల్టాలో సరుకు బండి ఉన్నవారికి పెద్ద టైర్ల మీద మనసు పోయేది వానల్లోనే. ఏటిగట్టు దిగి లంక దారిలోకి మళ్ళగానే ట్రాక్టర్లు కోసిన గాళ్ళలో చక్రాలు కూరుకుపోతాయి. మధ్యలో మిగిలిన మట్టి మీద వెనక ఇరుసు మధ్యనుండే గేర్ల గుండు, అంటే డిఫరెన్షియల్, ఆనుకుంటుంది. కొబ్బరికాయల లోడుతోనో రొయ్యల ట్రేలతోనో అలా నిలిచిపోయిన బండి యజమాని మర్నాడే టైర్ల కొట్టుకు వెళ్ళి ఒక సైజు పెద్దవి అడుగుతాడు. కొట్టువారు ఇస్తారు కూడా. రిమ్ము పదహారు అంగుళాలది, టైరూ పదహారుదే. ఎక్కుతుంది.

ఎక్కడం వేరు, కుదరడం వేరు. వెనక ఒక్కో వైపు ఒకే చక్రం ఉన్న బండికైతే పైన మడ్‌గార్డు, పక్కన కమాన్ కట్టలు (ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు) చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. టాటా 407 తరగతి మినీ లారీల్లా వెనక జోడు చక్రాలున్న బండికి అది చాలదు. అక్కడ అసలు నిర్ణయం లోపలి టైరుకూ బయటి టైరుకూ మధ్యనున్న సందుది. పెద్ద టైరు ఎత్తు పెరగడంతో ఆగదు, వెడల్పూ పెరుగుతుంది. ఆ వెడల్పు రెండు వైపుల నుంచీ వచ్చి ఆ సందునే తింటుంది. అందుకే డబ్బు కట్టే ముందు చేయాల్సిన పనే ఈ వ్యాసంలో ఎక్కువ, బిగించే పని తక్కువ.

ఎంత వస్తుంది, ఎంత పోతుంది

ఈ తరగతి బళ్ళలో చాలావాటికి 7.50-16 టైర్లు (మొదటి అంకె వెడల్పు, రెండోది రిమ్ము కొలత, అంగుళాల్లో), కాస్త పెద్దవాటికి 8.25-16 టైర్లు ఉంటాయి. మొదటి దాని నుంచి రెండో దానికి మారాలన్నదే మామూలుగా వినిపించే కోరిక కాబట్టి లెక్క దానితోనే చూద్దాం. 7.50-16 టైరు మొత్తం ఎత్తు సుమారు 805 నుంచి 810 మిల్లీమీటర్లు. 8.25-16 ఎత్తు సుమారు 855 నుంచి 860. కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది. తేడా 50 మిల్లీమీటర్లు కనుక ఇరుసు పైకి లేచేది అందులో సగం, అంటే 25 మిల్లీమీటర్లు. దాదాపు ఒక అంగుళం. గట్టు దారిలో ఆ అంగుళం కొన్నిచోట్ల పనికొస్తుంది, మోకాలి లోతు గాడిలో రాదు.

దానికి బదులుగా ఇచ్చేది చూడండి. టైరు ఎత్తు ఆరు శాతం పెరిగితే చక్రం దగ్గర లాగే బలం దాదాపు అంతే తగ్గుతుంది. డెల్టా అంతా చదునే కదా అనిపించవచ్చు. కానీ ఇక్కడి బండికి అసలు పరీక్ష లంకలోంచి నిండు లోడుతో ఏటిగట్టు ఎక్కే ర్యాంపు దగ్గర. అక్కడ మొదటి గేరులో ఇంతవరకు ఊపిరి బిగబట్టి ఎక్కిన బండి ఇక క్లచ్చును కాలుస్తూ ఎక్కుతుంది. బ్రేకు పరిస్థితీ ఇదే. డ్రమ్ము పాతదే, టైరు వ్యాసార్థం పెరిగింది కాబట్టి అదే తొక్కుకు ఆపే బలం తగ్గుతుంది. స్పీడోమీటరు 60 చూపుతుంటే బండి 64 దగ్గర పోతుంటుంది. వేగ నియంత్రణ పరికరం 80కి పెట్టి ఉంటే నిజానికి బండి 85 వరకు వెళ్తుంది.

బురదే మీ బాధ అయితే నా సలహా వేరు. సైజు మార్చకుండా వెనక నాలుగింటికీ అడ్డంగా లోతైన గాళ్ళున్న లగ్ టైర్లు వేయండి. పట్టు ఆ గాళ్ళ నుంచి వస్తుంది, ఎత్తు నుంచి కాదు. 216వ జాతీయ రహదారి మీద కాకినాడ, అమలాపురం, రాజోలు మీదుగా తిరిగేవారికి వీటి మోత కాస్త విసుగు. అరుగుదలా ఎక్కువే. అయినా పెద్ద సైజుతో వచ్చే చిక్కులతో పోలిస్తే ఇది చిన్న బాధ. మీ మోడల్‌లోనే పెద్ద టైర్లతో వచ్చిన రకం ఉండి, దాని రిమ్ములు మీ హబ్బుకు సరిపోతుంటే మాత్రం సైజు పెంచడం ఆలోచించదగ్గదే.

కాగితాలు

దీన్ని దాటేసి ముందుకు పోవద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి గట్టిగా చెప్పింది. టైరు సైజు, ప్లై రేటింగు (టైరు ఎంత బలమైనదో చెప్పే అంకె) తయారీదారు చెప్పినట్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 95వ నియమం చెబుతుంది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షను కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

కాబట్టి మొదటి అడుగు ఇది. బండి పుస్తకం తీసి మీ మోడల్‌కు తయారీదారు ఒప్పుకున్న టైరు సైజులు చూడండి. పుస్తకం పోయి ఉంటే ఛాసిస్ నంబరుతో డీలరును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ జాబితాలో పెద్ద సైజు ఉంటే దాన్ని తీసుకుని రవాణా కార్యాలయంలో ముందే అడగండి. లేకపోతే ఫిట్‌నెస్ పరీక్ష రోజునా, అంతకంటే ముఖ్యంగా ప్రమాదం జరిగి బీమా సర్వేయరు వచ్చిన రోజునా ఇబ్బంది పడేది మీరే.

ఇంకో మాట. పెద్ద టైరు వేస్తే బండి మోయగల అధికారిక బరువు పెరగదు. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువే హద్దు. దాటితే 194వ సెక్షను కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ధాన్యం కాలంలో నాలుగు బస్తాలు ఎక్కువ వేద్దామనే ఆలోచనతో టైరు పెంచేవారు ఇరుసునూ కమాన్లనూ బ్రేకులనూ లెక్కలోంచి తీసేస్తున్నారు.

సందు కొలవడం

బండిని మీరు మామూలుగా వేసే లోడుతో కాటా దగ్గరకు తీసుకెళ్ళండి. మొదట మొత్తం తూచండి. తర్వాత ముందు చక్రాలు పలక దాటాక, వెనక చక్రాలు మాత్రమే పలక మీద ఉంచి మళ్ళీ తూచండి. వెనక ఇరుసు మీద పడుతున్న బరువు తెలుస్తుంది. టైరు ఎంపికకూ గాలి ఒత్తిడికీ ఈ అంకే ఆధారం. మొత్తం లోడులో ఇంత భాగం వెనక పడుతుందిలే అని ఊహించకండి. కొబ్బరికాయలు, ఐస్ పెట్టెలు, కడియం నర్సరీల మొక్కల కుండీలు, ఇలా సరుకును బట్టీ, దాన్ని సర్దిన తీరును బట్టీ అది మారిపోతుంది.

కాటా పక్కనే గట్టి నేల మీద బండి ఆపి జోడు చక్రాల మధ్య దూరం కొలవండి. రెండు టైర్ల నడిమి గీతల మధ్య దూరం కావాలి. నడిమి గీత కంటికి సరిగా అందదు కాబట్టి చిన్న కిటుకు ఉంది. ఎడమ టైరు ట్రెడ్డు (రోడ్డును తాకే పైభాగం) ఎడమ అంచు నుంచి కుడి టైరు ట్రెడ్డు ఎడమ అంచు వరకు కొలవండి. రెండూ ఒకే సైజు టైర్లయితే అదే నడిమి నుంచి నడిమికి దూరం. బండి కింద బరువుకు నొక్కుకున్న చోట కాకుండా, ఇరుసు ఎత్తులో వెనకవైపు నుంచి కొలవండి. రెండు వైపులా కొలవండి. పాత బండిలో రిమ్ములు మారి ఉండవచ్చు, ఎడమ జోడు ఒక రకం, కుడి జోడు ఇంకో రకం కావడం అరుదేమీ కాదు.

ఇప్పుడు కొనబోయే టైరు కంపెనీ పట్టిక అడగండి. అందులో ప్రతి సైజుకూ జోడుగా వేస్తే ఉండాల్సిన కనీస నడిమి దూరం ఇస్తారు. మీ కొలత దానికంటే తక్కువైతే ఆ రిమ్ములతో కథ అక్కడితో ఆపాలి. ఎందుకో ఒక ఉదాహరణ: మీ నడిమి దూరం 245 మిల్లీమీటర్లు, ఇప్పటి టైరు వెడల్పు 215 అనుకుంటే మధ్యలో 30 మిల్లీమీటర్ల సందు ఉంది. 235 వెడల్పు టైరు వేస్తే మిగిలేది 10. ఇది లోడు లేనప్పటి లెక్క. లోడు పడితే టైరు అడుగున పక్కగోడలు రెండు వైపులా ఉబ్బుతాయి. ఆ పది కాస్తా పోతుంది. అప్పుడు ప్రతి తిరుగుడులోనూ రెండు గోడలూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. రబ్బరు వేడెక్కుతుంది, లోపలి దారాలు బయటపడతాయి. బయటి నుంచి చూసేవారికి ఏమీ కనపడదు, ఎందుకంటే అరిగేది లోపలి ముఖాలు.

డెల్టాలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఇక్కడి నల్లమట్టి జిగురు. సందు వెడల్పుగా ఉంటే కొంత దూరం పోగానే ఎగిరి పడిపోతుంది. ఇరుకైతే లోపల దట్టించుకుపోతుంది, ఎండలో ఇటుకలా గట్టిపడుతుంది. అలాంటి సందులో గాలి ఆడదు, టైరు చల్లబడదు. రోడ్డు పని జరిగే చోట కంకర ఇరుక్కున్నా అంతే. మీ దారి ఎక్కువగా మట్టి గట్లయితే పట్టికలోని కనీసం కంటే కొంచెం ఎక్కువే ఉండేలా చూసుకోండి.

సందు చాలకపోతే రిమ్ము మార్చాలి. జోడు చక్రాల్లో లోపలి రిమ్మూ బయటి రిమ్మూ ఒకే రకం, వీపు వీపు ఆనించి బిగిస్తారు. అందుకే రిమ్ము ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమి గీతకూ అది బిగిసే ముఖానికీ మధ్య దూరం, 10 మిల్లీమీటర్లు పెరిగితే నడిమి దూరం 20 పెరుగుతుంది. లోపలి టైరు పది మిల్లీమీటర్లు కమాన్ల వైపు, బయటిది పది బయటికి జరుగుతాయి. 8.25-16కు సాధారణంగా 6.50హెచ్ రిమ్ము (అంకె వెడల్పు అంగుళాల్లో, అక్షరం అంచు రకం) సరైన జోడీ, 7.50-16కు 6.00జీ. కొన్ని కంపెనీలు 8.25ను 6.00జీ మీద కూడా ఒప్పుకుంటాయి. ఒప్పుకున్నంత మాత్రాన సందు పెరగదు, అది ఆఫ్‌సెట్ చేతిలో ఉంది.

రెండు చక్రాల మధ్య స్పేసర్ పలక పెట్టేద్దాం అని ఎవరో ఒకరు చెబుతారు. వద్దు. స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) పొడవు అంతే ఉంటుంది, మధ్యలో పలక చేరితే నట్టుకు దొరికే మరలు తగ్గుతాయి. లోడు బండికి, అదీ గుంతల దారిలో, నట్టు పట్టు తగ్గించడం కంటే ప్రమాదకరమైన పొదుపు ఇంకోటి లేదు.

సందు సరిపోయిందనుకున్నాక మిగతా చోట్లు త్వరగా చూసేయవచ్చు. లోపలి టైరు గోడకూ కమాన్ కట్టకూ, దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే యూ-బోల్టులకూ, బ్రేకు పైపుకూ మధ్య ఖాళీ చూడండి. పైన బాడీ అడుగుకు ఉన్న ఖాళీని లోడు బండిలో కొలవండి. ఒక వెనక చక్రం కింద గట్టి దుంగ పెట్టి ఎక్కించి కూడా కొలవండి, గుంతలో ఒక పక్క లేచినప్పుడు టైరు ఎక్కడిదాకా వస్తుందో తెలుస్తుంది. ఆ కొలతలోంచి ఎత్తుకు 25 మిల్లీమీటర్లు, పక్కకు వెడల్పు తేడాలో సగం తీసేసి చూడండి. రిమ్ము మారుస్తుంటే ఆఫ్‌సెట్ తేడా కూడా తీసేయండి. ముందు చక్రాలకైతే స్టీరింగు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడాలి.

టైర్లు ఎంచుకోవడం

ముందు చక్రాలకు పాత సైజే ఉంచి వెనక నాలుగూ మారుస్తామంటారు కొందరు. ఈ బళ్ళలో ఇంజను బలం వెనకకే వెళ్తుంది కాబట్టి గేర్లు పాడవవు. కానీ స్టెపినీ ఒక్కటే. అది ముందుకు సరిపోతే వెనకకు సరిపోదు. అర్ధరాత్రి నరసాపురం దగ్గర బయటి టైరు పంక్చరై, జోడులో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వేసి నడిపితే చిన్నది రోడ్డును సరిగా ఆనదు, పెద్దదే మొత్తం మోస్తుంది. ఆ పెద్దదీ తెల్లారేలోపు పోతుంది. మారిస్తే ఏడూ మార్చండి.

టైరు పక్కగోడ మీద 122/118 లాంటి జంట అంకె ఉంటుంది. మొదటిది ఒంటరిగా వేసినప్పటి భార సూచిక, రెండోది జోడుగా వేసినప్పటిది. 122 అంటే 1,500 కిలోలు, 118 అంటే 1,320. జోడులో ఒక్కో టైరు మోసేది తగ్గుతుందని గుర్తుంచుకోండి. వెనక ఇరుసుకు నాలుగు టైర్లు కాబట్టి రెండో అంకె చెప్పే కిలోలను నాలుగుతో హెచ్చవేసి, కాటా చీటీలోని వెనక బరువుతో పోల్చండి. తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి; 1424 అంటే 2024లో పద్నాలుగో వారం. చాలా ఏళ్ళు గోడౌనులో ఉన్నది తగ్గింపు ధరకు ఇస్తామన్నా వద్దు.

ఒకే జోడులో రేడియల్ ఒకటి, నైలాన్ ఒకటి వేయకండి. ట్యూబు, ఫ్లాపు (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య ఉండే రబ్బరు పట్టీ) కూడా కొత్త సైజువే కొనండి. పాత 7.50 ట్యూబును సాగదీసి 8.25లో పెడితే అది పలచబడి వేడికి పోతుంది. రీట్రెడ్ (పైరబ్బరు మళ్ళీ వేసిన) టైర్లు వాడేవారికి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 8.25లోనూ అంతకంటే చిన్న సైజుల్లోనూ ఒక జోడులోని రెండు టైర్ల ఎత్తు తేడా 6 మిల్లీమీటర్లు మించకూడదన్నది పాత నియమం, ఇప్పటికీ అదే పాటించాలి. ఎత్తు కొలవడం కష్టమైతే గాలి సమానంగా పట్టి, ఒక రాత్రి ఉంచి, టేపు చుట్టూ తిప్పి చుట్టుకొలత చూడండి. చుట్టుకొలతలో 19 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే ఎత్తు తేడా 6 లోపు ఉన్నట్టే. కొద్ది తేడా ఉంటే పెద్దదాన్ని బయటివైపు వేయండి, మన రోడ్లు అంచుకు వాలుగా ఉంటాయి కనుక అది కలిసొస్తుంది.

బిగించడం

ఈ రిమ్ముల్లో చాలావాటికి టైరు అంచును పట్టి ఉంచే లాక్ రింగు విడిగా ఉంటుంది. అది సరిగా కూర్చోకుండా గాలి పడితే ఎగిరి మనిషిని చంపగలదు. చక్రం విప్పేముందే రెండు టైర్ల గాలీ వాల్వు పుల్ల తీసి పూర్తిగా వదలండి. టైరు మార్చే పని రింగు రిమ్ముల మీద చేయి తిరిగిన షాపులోనే చేయించండి. ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో దూరం నుంచి గాలి పట్టే షాపు ఉంటే అక్కడికే వెళ్ళండి. లేనిచోట కనీసం గొలుసు చుట్టించండి, రింగుకు ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. తుప్పు తిన్న, వంకరపోయిన రింగు సుత్తితో సరిచేసినది అయినా వద్దు.

చక్రాలు బిగించేది మీరే అయితే: బండి ఖాళీ చేసి గట్టి నేల మీద ఆపి, ముందు చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి. చక్రాలు నేల మీదుండగానే నట్లు వదులు చేయండి. కొన్ని పాత బళ్ళలో ఎడమవైపు నట్లు ఎదురు మరవి, బలవంతం చేసేముందు అది చూసుకోండి. జాకీ కింద వెడల్పాటి మందపు చెక్క వేయండి, డెల్టా నేల పైకి గట్టిగా కనిపించినా లోపల మెత్తన. ఎత్తాక ఇరుసు కింద స్టాండు పెట్టకుండా చేయి లోపల పెట్టొద్దు.

చక్రాలు వచ్చాక హబ్బు ముఖం, రెండు రిమ్ముల వీపులు వైరు బ్రష్షుతో లోహం కనపడేదాకా తుడవండి. భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యలు తోలే బళ్ళకు ఇది మరీ అవసరం. ట్రేల నుంచి కారే ఉప్పునీళ్ళు సరిగ్గా ఈ కీళ్ళలోకే దిగి పొరలు పొరలుగా తుప్పు పట్టిస్తాయి. తుప్పు పొర మీద బిగించిన నట్టు ఆ పొర రాలగానే వదులవుతుంది. మందంగా రంగు వేసిన రిమ్ముతోనూ అదే చిక్కు. నట్టు రంధ్రాల చుట్టూ సన్నని పగుళ్ళున్నాయేమో వెలుతురులో చూడండి, ఉంటే ఆ రిమ్ము పాత ఇనుముకే.

లోపలి చక్రం, తర్వాత బయటి చక్రం ఎక్కించేటప్పుడు రెండు వాల్వులు ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి. అలాగైతేనే లోపలి దాని గాలి చూడడానికి చేయి పడుతుంది. లోపలి టైరుకు వాల్వు పొడిగింపు వేయించుకోండి. అందనిదాన్ని ఎవరూ చూడరు, జోడు టైర్లలో గాలి లేక పోయేది ఎక్కువగా ఆ లోపలిదే. నట్లు పక్కపక్కవి కాకుండా ఎదురెదురువి ఒక్కొక్కటిగా, కొద్దికొద్దిగా బిగించండి. చక్రం నేలకు దించాక టార్క్ స్పానరుతో (ఎంత బలంతో బిగుస్తోందో చూపేది) బండి పుస్తకంలోని అంకెకు బిగించాలి. స్పానరుకు గొట్టం తొడిగి ఇద్దరు ఎక్కి తొక్కే పద్ధతిలో స్టడ్డు సాగిపోతుంది. ఆ రోజు తెగదు, తర్వాత ఎప్పుడో తెగుతుంది.

మొదటి రోజులు

యాభై కిలోమీటర్లకు నట్లు మళ్ళీ చూడండి, మర్నాడు లోడుతో తిరిగాక ఇంకోసారి. కొత్తగా కూర్చున్న రిమ్ముల మధ్య కొంత వదులు రావడం సహజం. గాలి ఒత్తిడి కాటా చీటీలోని బరువు ప్రకారం కంపెనీ పట్టిక చూసి పెట్టండి, పాత టైరు అంకె వాడకండి. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మే నెల ఎండలో తిరిగొచ్చాక ఎక్కువ చూపిందని గాలి తీస్తే, చల్లారాక తక్కువవుతుంది. జోడులో ఒక టైరుకు తక్కువైతే రెండోది దాని బరువూ మోయాలి, అందుకే రెంటికీ సమానంగా ఉండడం అన్నిటికంటే ముఖ్యం. స్పీడోమీటరు తేడాను డ్రైవరుకు చెప్పి, వేగ నియంత్రణ పరికరాన్ని కొత్త సైజుకు సరిచేయించండి.

సందు నిజంగా సరిపోయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, సుద్దముక్క చాలు. రెండు టైర్ల లోపలి ముఖాల మీద, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న చోట, గోడ పొడవునా మందంగా సుద్ద గీతలు గీయండి. పొడి రోజున మీ మామూలు లోడుతో రావులపాలెం నుంచి పాలకొల్లు దాకా అనుకోండి, ఒక మామూలు ప్రయాణం చేయండి, మధ్యలో ఒకటి రెండు గుంతల దారులూ కలిసేలా. ఆగి చూస్తే గీతలు ఉంటే సరే. వరసగా చెరిగిపోయి ఉంటే గోడలు రాసుకుంటున్నాయి. ఎక్కువ గాలి కొట్టించి దాన్ని కప్పిపుచ్చవద్దు. ఆ రిమ్ముకు ఆ సైజు పనికిరాదు. ట్రెడ్డు కొత్తగా ఉండగానే టైర్లను వెనక్కి ఇచ్చేయండి, లేదా సరైన రిమ్ములున్న బండివారికి అమ్మేయండి.